తవిటమ్మ పేర రాసిన జ్వరం

పొగడవలస పక్కనున్న సైనిక శిబిరంలో ఎవరికి జబ్బు చేసినా ఆ జబ్బును ఊళ్ళోవాళ్ళు పడాలన్న ఉత్తర్వు 1943 జూన్ ఒకటో తారీకు ఉదయం పది గంటల నుంచి అమల్లోకి వచ్చింది. పదీ అయిదుకల్లా శిబిరం ఆసుపత్రిలో పదకొండు మంది సిపాయిలు మంచాల మీంచి లేచి, దుప్పట్లు మడతపెట్టి, బూట్లు తొడుక్కున్నారు. సరిగ్గా అప్పుడే ఊళ్ళో పదకొండు మంది చేస్తున్న పని ఆపి పడుకున్నారు. మొదటి రోజు కావడంతో ఇద్దరు బజారు మధ్యలోనే పడుకున్నారు గానీ, తర్వాత్తర్వాత అందరూ వేళకి ఇంటికి చేరడం నేర్చుకున్నారు.

ఉత్తర్వులో కారణం స్పష్టంగానే రాశారు. సిపాయి ఎనిమిది రోజులు మంచాన పడితే యుద్ధానికి ఎనిమిది రోజుల నష్టం. పొగడవలసలో ఒక మనిషి ఎనిమిది రోజులు మంచాన పడితే ఎవరికి నష్టమో తేల్చడానికి పై అధికారులు ఆరు నెలలు దర్యాప్తు చేశారు. ఎవరూ తేలలేదు. ఈ ఏర్పాటుకు శిబిర పట్టణ ఆరోగ్య సహకారమని పేరు పెట్టారు.

పని జరిగే తీరు సులువే. శిబిరం డాక్టరు కెప్టెన్ పిల్చర్ ప్రతి ఉదయం జబ్బుపడ్డ సిపాయి పేర ఒక గులాబీరంగు చీటీ రాసేవాడు. జబ్బు ఏమిటి, ఎంత గట్టిది, ఎన్నాళ్ళుంటుంది అన్నవి నింపి, ‘స్వీకర్త’ అన్న గడి ఖాళీగా వదిలి మునిసిపల్ ఆఫీసుకు పంపేవాడు. ఆ గడిలో ఊళ్ళోవాళ్ళ పేరొకటి రాసి, సంతకం చేసి, స్టాంపు వెయ్యడం శానిటరీ ఇన్‌స్పెక్టరు దూసి పట్టాభిరామయ్య వంతు. స్టాంపు కాగితాన్ని తాకిన క్షణాన జబ్బు ఒక మనిషి నుంచి మరో మనిషికి మారేది.

పట్టాభిరామయ్య ఇరవయ్యారేళ్ళుగా ఆ ఊరి మురుగుకాలవల మీద కిరసనాయిలు చల్లిస్తూ, టీకాలు వేయిస్తూ, జననమరణాల రిజిస్టరు రాస్తూ వచ్చాడు. అతని అక్షరాలు గుండ్రంగా, ముద్దుగా ఉంటాయి. ఇంతకాలం ఆ అక్షరాల వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఇప్పుడు అవుతూండేసరికి కొంచెం భయమూ, పైకి చెప్పుకోలేని గర్వమూ రెండూ కలిగాయి.

మొదట్లో పొరపాట్లు జరిగాయి. ఒకనాడు తొందరలో స్వీకర్త పేరుకు బదులు ఇంటి నంబరు మాత్రం రాసి స్టాంపు వేశాడు. ఆ ఇంటికి తాళం వేసి ఉంది. ఇల్లు మూడు రోజులు దగ్గింది. పెంకులు ఎగిరి పక్కింటి పెరట్లో పడ్డాయి. నాలుగో రోజు అతనే స్వయంగా వెళ్ళి గడప మీద తులసి కషాయం పోయించాడు. ఇల్లు కుదుటపడింది.

మినహాయింపుల జాబితా నాలుగు పేజీలుండేది. కౌన్సిలర్లు, ప్లీడర్లు, తాలూకా ఆఫీసువాళ్ళు, మునిసిపల్ ఉద్యోగులు, వీళ్ళ భార్యాబిడ్డలు, వీళ్ళ ఇళ్ళలో బస చేసిన చుట్టాలు ఏ జబ్బూ పడనక్కర్లేదు. అయినా జనం మరోలా అనుకోకూడదని మునిసిపల్ చైర్మన్ గారు బహిరంగసభలో ఒక తుమ్ము స్వీకరించారు. పూలదండ వేశారు, ఫొటోగ్రాఫరు సిద్ధంగా నిలబడ్డాడు, పట్టాభిరామయ్య వేదిక మీదే స్టాంపు వేశాడు. తుమ్ము రావడం ఆలస్యమై బ్యాండువాళ్ళు అదే పాట రెండుసార్లు వాయించాల్సి వచ్చింది. చివరికి వచ్చింది. సభ చప్పట్లు కొట్టింది.

జూలైలో మలేరియా చీటీలు పెరిగాయి. మలేరియా గట్టి జబ్బు కాబట్టి గట్టి మనుషులకే రాయాలని నిబంధన. ఊళ్ళోవాళ్ళ ఒంటి దారుఢ్యాన్ని బట్టి తయారైన జాబితాలో అందరికన్నా పైన, ఏ-వన్ తరగతిలో మొదటి పేరు బోర తవిటమ్మది. 

తవిటమ్మకు యాభై రెండేళ్ళు. కొత్తవీధి చివర పాకలో ఉండి, రెండు గేదెల పెరుగు ఊరంతా తిరిగి అమ్ముకునేది. పెళ్ళయిన ఏడాదికే మొగుడు రంగూన్ ఓడెక్కి మరి తిరిగి రాలేదు. పిల్లల్లేరు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా ఆవిడ ఒళ్ళు వెచ్చబడలేదు. పట్టాభిరామయ్య నోటీసు పట్టుకుని వెళ్ళేసరికి ఆవిడ గేదెను కడుగుతోంది.

“నాకు జొరవా?” అంది తవిటమ్మ. “నానెప్పుడూ పడలేదు బాబూ. ఎలగ పడాలో తెల్దు.”

“పెద్ద కష్టమేమీ కాదు. పదకొండింటికి చలి పుడుతుంది. దుప్పటి కప్పుకుని పడుకో. మధ్యమధ్య మూలుగుతూండు. రెండింటికి చెమట పట్టి దిగిపోతుంది.”

“మూలక్కపోతే?”

ఉత్తర్వులో మూలుగు గురించి ఏమీ లేదు. “అది నీ ఇష్టం,” అన్నాడు.

“మరి నా పెరుగో?”

“రోజు విడిచి రోజే కదా వస్తుంది. ఆ రోజుల్లో పదకొండులోపు అమ్ముకో.”

“ఎవురిదీ జొరం?”

“అది చెప్పకూడదు తవిటమ్మా.”

ఆవిడ తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని వేలిముద్ర వేసింది.

మొదటి విడత జ్వరం వచ్చిన రోజే ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చి పట్టాభిరామయ్యను పిలుచుకుపోయారు. తవిటమ్మ గోనెసంచుల కింద వణుకుతూ ఎవరికీ అర్థంకాని భాష మాట్లాడుతోంది. మాటిమాటికీ “బ్వే, బ్వే” అంటోంది. పూనకమేమోనని ఎవరో కొబ్బరికాయ తెచ్చారు. పట్టాభిరామయ్య విన్నది విన్నట్టు రాసుకుని శిబిరానికి వెళ్ళి అడిగాడు.

“అది గఢ్వాలీ భాష,” అన్నాడు కెప్టెన్ పిల్చర్. “జ్వరం అసలు మనిషిది హిమాలయాల్లోని ఆ కొండప్రాంతం. బ్వే అంటే అమ్మ. జ్వరంతో పాటు దాని సామాను కూడా వస్తుంది ఇన్‌స్పెక్టర్. విడదీసి పంపే ఏర్పాటు మా దగ్గర లేదు.”

సామాను బాగానే వచ్చింది. జ్వరం దిగాక తవిటమ్మ చెప్పిన సంగతులు పట్టాభిరామయ్య ‘రిమార్కులు’ గడిలో రాయబోయాడు గానీ చోటు చాలలేదు. తెల్లగా, పొడిపొడిగా ఆకాశంలోంచి రాలేదేదో కొండంతా కప్పేస్తుందట. అక్రోటు చెట్టు ఉందట. పశువుల కొట్టం కప్పు కిందటి చలికాలం కూలిపోయిందట, బాగుచేసే దిక్కులేదట. మోకాళ్ళ నొప్పులతో ఒక ముసలమ్మ నీళ్ళకోసం లోయలోకి దిగుతుందట.

“ఆ కొట్టం సంగతేటో ఆ గుంటణ్ణి కనుక్కోవాల బాబూ,” అంది తవిటమ్మ. “మూడు విడతలై సూస్తన్నాను, కప్పు అలగే పడుంది.”

జబ్బు ఇచ్చినవాళ్ళూ పుచ్చుకున్నవాళ్ళూ కలుసుకోకూడదని నిబంధన. తవిటమ్మకు నిబంధన తెలియదు. ఒక సోమవారం పదకొండు కావస్తూండగా పెరుగుకుండ నెత్తిన పెట్టుకుని శిబిరం గేటు దగ్గర నిలబడింది. చలి మొదలవగానే భాష వచ్చింది. వచ్చిన భాషలో కావలివాణ్ణి నాలుగు కేకలు వేసింది. ఊరి పేరు, ఇంటి పేరు, కొట్టం ఆనవాలు అన్నీ చెప్పింది. లోపల ఫుట్‌బాల్ ఆడుతున్న సిపాయి బచన్ సింగ్ నేగీ తన తల్లి గొంతేమోనని పరిగెత్తుకొచ్చాడు. ఇరవై రెండేళ్ళవాడు, పొట్టిగా, గుండ్రని మొహంతో, నిక్షేపంలా ఉన్నాడు. ఆ జ్వరం ఆవిడ దగ్గరుందని తెలిసేసరికి సిగ్గుపడి, తన ఉన్నికోటు తెచ్చి ఆవిడకి కప్పాడు.

అప్పటి నుంచి జ్వరం వచ్చే ప్రతి రోజూ పదకొండు నుంచి రెండు దాకా గేటు పక్కన రేకుల నీడలో వాళ్ళిద్దరూ మాట్లాడుకునేవాళ్ళు. రెండు దాటితే ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేది కాదు. అప్పుడతను ఊరికే పెరుగు తాగేవాడు, ఆవిడ ఊరికే చూసేది. కెప్టెన్ పిల్చర్ దాన్ని రోగి పర్యవేక్షణ అని రాసుకుని ఊరుకున్నాడు.

ఆగస్టు చివర్లో కంపెనీకి బర్మా వెళ్ళమని ఉత్తర్వు వచ్చింది. శుక్రవారం పదకొండింటికి ఆరోగ్య తనిఖీ, ఆదివారం రైలు. తనిఖీలో జబ్బుతో ఉన్నట్టు తేలినవాణ్ణి వెనక ఉంచేస్తారు. శిబిరంలో మూడు నెలలుగా ఎవరికీ జబ్బు లేదు.

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి తవిటమ్మ మునిసిపల్ ఆఫీసుకు వచ్చింది. కుండ కింద పెట్టలేదు.

“నా జొరం ఆడికిచ్చీండి బాబూ.”

“అలా కుదరదు. ఊరి నుంచి శిబిరానికి జబ్బు వాపసు పంపే పద్ధతి లేదు.”

“ఆడి జొరమే గదా. నానేటీ వాడుకోలేదు. ఎలగున్నది అలగే ఉంది.”

“ఉన్నా కుదరదు.”

“ఆ గుంటడు నిక్షేపంలా ఉన్నాడు బాబూ,” అంది తవిటమ్మ. “నాను పడుకుంటే ఆడు లెగిసి తిరిగినాడు. లెగిసి తిరిగినాడు గనక ఇప్పుడు సావడానికి పనికొచ్చినాడు. ఇదేటి ఉపకారం బాబూ నాను సేసింది?”

పట్టాభిరామయ్య మూడు నెలల్లో నాలుగు వందల పైచిలుకు చీటీలు రాశాడు. రాసిన ప్రతిసారీ ఒక సిపాయి బాగుపడ్డాడు. బాగుపడ్డవాడు ఎక్కడికి పోతాడన్నది అతనికెప్పుడూ తట్టలేదు. ఉత్తర్వు తీసి మొదటి నుంచి చదివాడు. పదిహేడో నిబంధన దగ్గర వేలు ఆగింది. ‘ఊరి నివాసి ఒకరు పడుతున్న జబ్బును తగిన కారణంపై అదే ఊరి మరొక నివాసికి మార్చవచ్చును.’ నేగీ ఊరి నివాసి అయితే చాలు. నివాసి కావడానికి అన్నిటికన్నా తిరుగులేని దారి ఆ ఊళ్ళో పుట్టడం. జననాల రిజిస్టరు అతని బల్ల సొరుగులోనే ఉంది.

ఇరవయ్యారేళ్ళలో అతను ఒక్క తప్పుడు అక్షరం రాయలేదు. కానీ ఇందులో తప్పేముంది? ఆలస్యంగా నమోదు చెయ్యడం నిబంధనల్లో ఉన్నదే. కలం తీసుకుని రాశాడు. తల్లి పేరు బోర తవిటమ్మ. మగశిశువు. పేరు బచన్. మంత్రసాని లేదు. రిమార్కుల గడిలో ‘శిశువు వయస్సు ఇరవై రెండేళ్ళు, ఆలస్యంగా జన్మించాడు’ అని రాసి స్టాంపు వేశాడు.

“ఓలమ్మో!” అని తవిటమ్మ నడుం పట్టుకుని కూలబడింది. కుండను మాత్రం వదల్లేదు. మంచినీళ్ళు తెప్పించి ఇచ్చారు. ఒక అరగంట ఒళ్ళంతా చెమటలు పట్టి, తర్వాత తేలికపడింది.

“అయిపోనాదా?” అంది.

“అయిపోయింది. మగపిల్లాడు,” అన్నాడు పట్టాభిరామయ్య. 

పదకొండుకు అయిదు నిమిషాలుందనగా జ్వరం మార్పిడి చీటీ మీద రెండో స్టాంపు పడింది.

శిబిరం మైదానంలో నూట ఇరవై మంది వరసగా నిలబడి ఉన్నారు. ఆ వరసలో ఒక్క తుపాకి టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. కెప్టెన్ దగ్గరికి వచ్చేసరికి నేగీ పళ్ళు కరుచుకుపోతున్నాయి. ఉన్నట్టుండి అతను “పెరుగో! గేదె పెరుగో! మీగడ పెరుగమ్మో!” అని కొత్తవీధి దాకా వినపడేలా అరిచి పడిపోయాడు.

పన్నెండింటికి కెప్టెన్ పిల్చర్ జీపులో మునిసిపల్ ఆఫీసుకు వచ్చాడు. కోపంగానే వచ్చాడు గానీ రిజిస్టరు చూశాక చల్లబడ్డాడు. అతనూ నిబంధనలంటే గౌరవం ఉన్నవాడు.

“అంటే ఇప్పుడు ఇతను మీ ఊరివాడు. ఊరివాడి జబ్బు మేం మళ్ళీ ఊరిమీద రాయడానికి లేదు.”

“లేదండి. ఊరివాళ్ళ జబ్బు ఊరివాళ్ళే పడాలి. నాలుగో నిబంధన.”

“సరే. కానీ రైలుకు నూట ఇరవై మంది కావాలి. నూట పంతొమ్మిది మందే ఉన్నారు.” కెప్టెన్ జేబులోంచి గులాబీ చీటీ ఒకటి తీసి బల్ల మీద పెట్టి రాశాడు. జబ్బు పేరున్న గడిలో ‘బర్మా’ అని, తీవ్రత దగ్గర ‘అధికం’ అని, ఎన్నాళ్ళన్న చోట ‘చెప్పలేము’ అని రాసి, స్వీకర్త గడి ఖాళీగా వదిలి ఇటు తిప్పాడు.

పట్టాభిరామయ్య చీటీని రెండుసార్లు చదివాడు. అన్ని గడులూ సరిగ్గా ఉన్నాయి. గట్టి జబ్బు గట్టి మనుషులకే రాయాలి. ఆ రోజు జాబితా తెప్పించాడు. జ్వరం వదిలిపోవడంతో ఏ-వన్‌లో మొదటి పేరు మళ్ళీ బోర తవిటమ్మదే అయింది.

రెండో పేరు చైర్మన్ గారి బావమరిది, కుస్తీలు పడతాడు. అతనింకా చైర్మన్ గారింట్లో బసచేసిన చుట్టం కాదు. ఆ పేరు రాయవచ్చా అని పట్టాభిరామయ్య లోపలి గదిలోకి వెళ్ళి అడిగాడు.

“వరస తప్పకూడదండీ ఇన్‌స్పెక్టరు గారూ,” అన్నారు చైర్మన్ గారు. “వరస తప్పితే మనమీద జనానికి నమ్మకం పోతుంది.” సాయంత్రానికల్లా బావమరిది బండిలో పెట్టెతో సహా వచ్చి దిగాడు.

తవిటమ్మ ఇంకా వరండాలోనే కూర్చుని ఉంది. పట్టాభిరామయ్య వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాడు. ఎలా చెప్పాలో తెలియక చీటీ మొత్తం పైకి చదివాడు.

“నానెల్తే ఆణ్ణి పంపరు గదా?” అంది ఆవిడ.

“పంపరు.”

“రాసీండి మరి. రంగూన్ అటేపే గదా. మా ముసలోడు కనబడితే నాలుగు సీవాట్లు పెట్టీసి వొస్తాను.”

ఆదివారం రైలు పదకొండూ ఇరవైకి. స్టేషన్లో నూట ఇరవై మంది వరసగా నిలబడ్డారు. చివర తవిటమ్మ, చీర మీద ఖాకీ చొక్కా వేసుకుని, ఎప్పుడూ తొడగని బూట్లను తాడుతో మెడలో వేలాడేసుకుని ఉంది. హవల్దారు పేర్లు పిలిచాడు. “బోర తవిటమ్మ!” “ఉన్నాన్నాయనా,” అంది. హవల్దారు గీత పెట్టుకున్నాడు.

సరిగ్గా పదకొండుకి నేగీకి చలి పుట్టింది, తెలుగు వచ్చింది. ఇరవై నిమిషాలే ఉన్నాయి.

“ఎందుకెల్తన్నావే అమ్మా?” అన్నాడు వణుకుతూ. “అక్కడ తుపాకులు పేలస్తారు. నువ్వు తుపాకీ ఎప్పుడు పట్టినావు?”

“జొరం మాత్రం ఎప్పుడు పడినానేటి? అలవాటైపోద్ది. నాను సెప్పింది ఇనుకో. పెద్ద గేదె కుడేపు నిలబడితేనే పాలిస్తాది. ప్లీడరు గారింట్లో పెరుగు పుల్లగుంటే తీసుకోరు. ఆ కొండ మీది అమ్మకి కార్డు రాసీ. ఇద్దరమ్మలుంటే తప్పేటీ లేదు, ఇన్‌స్పెక్టరు బాబుని అడిగినాను. జొరం తగ్గినాక ఎల్లి ఆ కొట్టం కప్పు నిలబెట్టీ.”

“తగ్గినాక తెలుగు రాదు గదే.”

“కప్పెయ్యడానికి తెలుగెందుకురా!” అని తవిటమ్మ కన్నీళ్ళు తుడుచుకుని నవ్వింది. రైలు కదిలింది. బ్యాండువాళ్ళు తమకు వచ్చిన పాట వాయించారు. పట్టాభిరామయ్యకు గొంతులో ఏదో అడ్డుపడింది గానీ, అది ఏ సిపాయి చీటీలోదీ కాదు, అతని సొంతమే. కాబట్టి మింగేశాడు.

తర్వాత పని మామూలుగా సాగింది. నెల తిరిగేసరికి గులాబీ చీటీల్లో బర్మా అన్న జబ్బు మలేరియా, విరేచనాల తర్వాత మూడో స్థానానికి వచ్చింది. కొత్తవీధిలో ఏ-వన్ అయిపోయి ఏ-టూ మొదలైంది. తవిటమ్మ ఎవరి చేతో రాయించిన కార్డులు రెండు వచ్చాయి. కొండదారుల్లో మందుగుండు పెట్టెలు నెత్తిన మొయ్యడంలో కంపెనీ మొత్తంలో తననెవరూ మించలేదనీ, అక్కడి గేదెలు పాలు పిండనివ్వడం లేదనీ రాయించింది. ముసలోడి జాడ తెలియలేదు.

నవంబరులో మూడో కార్డుకు బదులు గులాబీ చీటీ వచ్చింది. సిపాయి బోర తవిటమ్మ. ఎడమ భుజంలో తూటా. మూడు నెలలు. స్వీకర్త: ఖాళీ.

పట్టాభిరామయ్య ఆ చీటీని ముందు పెట్టుకున్నాడు. జాబితా తెప్పించలేదు. మినహాయింపు ఉన్నవాడు కావాలని పేరు రాసుకుంటే కాదనే నిబంధన ఏదీ లేదు. కలం తీసుకుని స్వీకర్త గడిలో ‘దూ’ అని రాశాడు. ఎడమ భుజం మీద చీమ పాకినట్టయింది. అక్కడ ఆగిపోయాడు.

పదకొండు దాటి అయిదు నిమిషాలకు నేగీ పెరుగుకుండతో లోపలికొచ్చాడు. ఒళ్ళు వణుకుతోంది. చీటీ మీది పేరు చూశాడు.

“మా యమ్మదా అది?” అన్నాడు. “నాకు రాసీండి బాబూ. ఊరోణ్ణే గదా నాను.”

“నీకు జ్వరం ఉంది కదయ్యా.”

“జొరానికి కుడి సెయ్యి ఉంది. దీనికి ఎడం సెయ్యి ఉంది.”

పట్టాభిరామయ్య ఊపిరి వదిలాడు. ‘దూ’ను ఒక్క గీతతో శుభ్రంగా కొట్టేసి, కొట్టివేత పక్కన పొట్టి సంతకం పెట్టి, కింద గుండ్రంగా ‘బోర బచన్’ అని రాశాడు. స్టాంపు వేశాడు. నేగీ కుండ దించి భుజం పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. కాస్త నిలదొక్కుకున్నాక, “అక్కడ అమ్మకి తగ్గిపోనాదా?” అని అడిగాడు.

“పూర్తిగా తగ్గిపోయింది. ఈపాటికి లేచి నిలబడి ఉంటుంది. రేపు మళ్ళీ ముందు వరసలోకి పంపిస్తారు.”

“అయితే మంచిదే,” అన్నాడు నేగీ.

పన్నెండున్నరకు పట్టాభిరామయ్య భోజనానికి ఇంటికి వెళ్ళాడు. భార్య సీతారత్నం వడ్డిస్తూ, వీధిలో ఆడవాళ్ళు ఏదేదో అంటున్నారనీ, యుద్ధం ఎంతవరకు వచ్చిందనీ అడిగింది.

“మన దాకా ఇంకా రాలేదు,” అన్నాడు పట్టాభిరామయ్య, ఇంకొంచెం పులుసు వెయ్యమని కంచం ముందుకు జరుపుతూ.